మొదటి రౌండు ఇంటి పిల్లలది

మా మామయ్య తన పార్కులో పాత ఆటకు కొత్త రంగు వేసి, కొత్త పేరు పెట్టి, దాన్ని 'కొత్తది దించినం' అంటారు. ఆ మాటలో ఆయనకు అబద్ధమేమీ కనిపించదు. మాకు ఊగే పడవ ఒకటి ఉంది. మొదట దాని పేరు సముద్రరాణి. తర్వాత తుఫాను. ఆ తర్వాత దాని ముందుకొసకు ఫైబర్ తల ఒకటి బిగించి డ్రాగన్ అన్నారు. ఒక వానాకాలం గాలికి ఆ తల ఊడిపోయింది కానీ బోర్డు మీద పేరు అలాగే ఉండిపోయింది. టికెట్ కొన్న పిల్లలు పడవ చుట్టూ తిరిగి డ్రాగన్ ఎక్కడుందని వెతుక్కునేవారు.

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే రోడ్డు పక్కనే ఉంటుంది మా పార్కు. ఒకప్పుడు అది మామయ్యవాళ్ల కూరగాయల మడి. తన కొడుకు, అంటే నా భర్త, బడికి వెళ్లే రోజుల్లో ఆయన అందులో టమాట తీసేసి జెయింట్ వీల్, పడవ, చిన్న రైలు పెట్టించారు. నేను ఈ వైపు పిల్లను కాదు. మా అమ్మానాన్నలు తొంభైల్లో కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చారు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే ఇంజినీరింగ్ చదివి, క్లాస్‌మేట్‌ని పెళ్లి చేసుకుని చేవెళ్ల వచ్చాను. పాప పుట్టేదాకా గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కడ దెబ్బ తింటుందో కనిపెట్టడమే నా పని. ఉద్యోగం మానేశాక ఆ బుద్ధి ఇంటి మీద పడింది. గ్యాస్ కట్టానా, మెట్ల గేటు వేశానా, పాప నోట్లో ఏముంది, ఆ ద్రాక్షపండు రెండు ముక్కలు చేశానా. "మా కోడలికి ఫికర్ జేసుడే డ్యూటీ" అని మా అత్తమ్మ వచ్చినవాళ్లందరికీ పరిచయం చేస్తుంది.

నిరుడు ఎండాకాలం నుంచి పార్కుకు జనం తగ్గారు. సిటీ వైపు పెద్ద పెద్ద పార్కులు వచ్చాయి. మాల్‌లో ఏసీలో ఆడుకునే చోట్లు వచ్చాయి. చిన్న మంగళారం, ఎంకపల్లి ఫామ్‌హౌస్‌లకు వారం వారం వచ్చే కార్లు మా గేటు ముందునుంచే పోతాయి కానీ ఆగవు. ఆ ఫామ్‌హౌస్‌లలోనే ఈతకొలనులున్నాయి. స్కూలు పిక్నిక్ బస్సులు కూడా రావడం మానేస్తుంటే మామయ్య ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఏం తీసేద్దాం, ఏం పెడదాం, తలా ఒక ఐడియా చెప్పమన్నారు.

ఇక ఆ నెలంతా మా ఇంట్లో అన్నం కంటే ఐడియాలు ఎక్కువ వడ్డించుకున్నాం. నా భర్త చైనాలో అద్దాల వంతెన, దుబాయ్‌లో ఇంకేదో ఆకాశంలో తిరిగేది, ఇలా రోజూ వీడియోలు పంపేవాడు. అత్తమ్మ చిన్న గుడి కట్టి, చుట్టూ శివలింగాలు పెడితే ఆడవాళ్లు వస్తారంది. నేను ఊగేవీ తిరిగేవీ తగ్గించి ఇసుక, లోతు లేని నీటి కాలువ, చేతిపంపు, వెదురు వంతెన పెడదామన్నాను. సిటీ పిల్లలు మట్టిలో ఆడుకుని, మడిలో నాలుగు టమాటలు కోసుకుని పోతారన్నాను. మామయ్య ఓపికగా విన్నారు.

"బిడ్డా, మట్టి, నీళ్లు, టమాట. గదంతా తీసేసే కదా నేను పార్కు పెట్టింది" అన్నారు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

చివరికి నెగ్గిన ఐడియా మా పాపది. దానికి అప్పుడు అయిదు నిండబోతున్నాయి. తాత ఒళ్లో కూర్చుని గోరుముద్దలు తింటూ, "తాతా, పడవను రాకెట్ చెయ్యి" అంది. మామయ్య ముఖం వెలిగిపోయింది. వెండి రంగు వేయొచ్చు. చుట్టూ లైట్లు పెట్టొచ్చు. టీవీలో చంద్రుడి మీదికి రాకెట్ పోయిన రోజు ఊరంతా ఎట్ల చూసిందో ఆయనకు గుర్తుంది. మర్నాటికల్లా పేరు కూడా పెట్టేశారు, చందమామ రాకెట్ అని. దసరా సెలవుల మొదటి ఆదివారం ఓపెనింగ్. రిబ్బన్ కట్ చేయడానికి పెద్ద లీడర్ ఒకాయన వస్తానన్నాడు.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఏ ఆట మొదలుపెట్టినా, పాతదానికి రంగు వేసి మళ్లీ మొదలుపెట్టినా, గుమ్మడికాయ కొట్టాక మొదటి రౌండు ఇంటి పిల్లలది. జనం చుట్టూ నిలబడి చూస్తారు. ఇంటి పిల్లలు నవ్వుతూ దిగితే అప్పుడు టికెట్లు తెగుతాయి. "మన పిల్లలు ఎక్కితెనే ఊరోళ్ల పిల్లలు ఎక్కుతరు" అంటారు మామయ్య. పడవ పెట్టిన రోజు మొదట ఎక్కింది నా భర్తే. ఆ ఫోటో మా హాల్లో ఉంది. చెవులు పెద్దగా, పళ్లన్నీ బయటపెట్టి, తల మీద కుంకుమ.

ఈసారి ఆ వంతు మా పాపది.

చేవెళ్ల బస్టాండు దగ్గరి దర్జీ దానికి వెండి రంగు గుడ్డతో డ్రెస్ కుట్టాడు. అది తొడుక్కుని అద్దం ముందు చెయ్యి ఊపడం సాధన చేసేది. ఎవరు ఇంటికొచ్చినా, "నేనే ఫస్ట్ ఎక్కుత" అని చెప్పేది. నేను దాని జడ వేస్తూ పడవ ఎంత ఎత్తుకు లేస్తుందో ఆలోచించేదాన్ని. ఒక కొస పూర్తిగా పైకి లేచినప్పుడు అక్కడ కూర్చున్నవాళ్ల కాళ్లు మన తలల కంటే చాలా పైన ఉంటాయి. అడ్డంగా ఒక్క కడ్డీ. దాని తొడల కంటే ఆ కడ్డీకి, సీటుకు మధ్య సందే ఎక్కువ. కానీ నేను ఏం చెప్పినా అది నా ఫికర్ లెక్కలోకే పోతుందని తెలుసు. అందుకే అడిగిందల్లా ఒకటే, నడుమ వరసలో కూర్చోబెట్టమని. సరేనన్నారు.

ఓపెనింగ్ దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం మామయ్యకు భోజనం తీసుకుని పార్కుకు వెళ్లాను. పాప బడిలో ఉంది. ఆయన ఎవరితోనో ఫోన్‌లో ఉంటే టిఫిన్ అక్కడ పెట్టి పడవ దగ్గరికి నడిచాను. పెయింటర్ నిచ్చెన మీద ఉన్నాడు. పడవను పైన ఇరుసుకు వేలాడదీసే ఇనుప చేతులు నాలుగున్నాయి. వాటిలో ఒకదాని మీద లప్పం రుద్దుతున్నాడు. ఇంటి గోడలకు సున్నం వేసేముందు గుంటలు పూడ్చడానికి పెడతారే, అలాంటిదే. కార్లకు డెంటింగ్ చేసేవాళ్లు వాడే రకం.

ఇనుముకు లప్పమెందుకన్నాను.

గుంతలు పడ్డయి కదమ్మా, లప్పం పెట్టకుంటే వెండి రంగుల మచ్చలు మచ్చలు కనపడతది అన్నాడు. నిరుడు కూడా పెట్టిండట. అంతకుముందు పెట్టినోడు వేరే ఆయన అట. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నున్నగా రంగు వేయమన్నారు, వేస్తున్నాడు.

అతను టీకి దిగాక నేను నిచ్చెన ఎక్కాను. ఎందుకు ఎక్కానో చెప్పలేను. కాళ్లు నిలవలేదు, అంతే. పడవ చట్రానికి ఆ చెయ్యి కలిసే చోట, రంగు బుడగలా ఉబ్బి ఉన్న చోట, చేతిలో ఉన్న స్కూటీ తాళంతో పొడిచాను. తాళం దిగింది. గట్టిగా ఉండాల్సిన చోట పాత అటుకుల్లా పొడి రాలింది. ఇంకొంచెం తిప్పాను. తాళం ఇంకొంచెం దిగింది. కింద ఎవరో నవ్వుతుంటే నన్నే చూసి నవ్వుతున్నారనుకుని గబగబా దిగి, ఏమీ జరగనట్టు గేటు బయటికి వచ్చాను. స్కూటీకి తాళం పెట్టబోతే పట్టలేదు. దాని గాడి నిండా ఎర్రటి తుప్పు.

ఆ సాయంత్రం నా భర్తతో చెప్పాను. అతను నెమ్మదస్తుడు. లప్పం అంటే పైపైదే, లోపల ఇనుము మంచిగనే ఉంటదన్నాడు. ఉంటుందని ఎవరు చూశారన్నాను. హాల్లో ఫోటో వైపు చూపించాడు. "నేనే ఫస్ట్ ఎక్కిన. నాకేమైంది?"

"అప్పుడది కొత్తది" అన్నాను.

 మామయ్య సంగతి వచ్చేసరికి, బాపుతోని నువ్వే మాట్లాడు అన్నాడు. అతనికి భయమని కాదు. ఆ ఇంట్లో ఆ పడవ గురించి అడగడమంటే ఆయన బతుకు గురించి అడగడమే. టమాట రైతుగా ఉన్న మనిషి పడవ వచ్చాకే చేవెళ్లలో నలుగురికి తెలిసిన మనిషయ్యాడు.

పొద్దున టిఫిన్ల దగ్గర చెప్పాను. మామయ్య పేపరు మడిచి పక్కన పెట్టారు. కోపం తెచ్చుకోలేదు. అదే కష్టంగా ఉండింది.

"ఇన్నేండ్ల సంది ఊగుతున్నది బిడ్డా. ఒక్క పోరనికి గోరన్న లేవలేదు."

"మామయ్యా, అది బాగుందో లేదో నాకు తెలియదు. మీకూ తెలియదు. లప్పం కింద ఏముందో చూసినవాళ్లు లేరు. చూసేదాకా మా పాప ఎక్కదు."

"ఇంటి పిల్ల ఎక్కకుంటె జనం ఏమనుకుంటరు?"

"జనం పిల్లల్ని కూడా ఎక్కించొద్దు."

ఆ మాట నా నోట్లోంచి మామూలుగానే వచ్చింది కానీ అత్తమ్మ దోసె పెనం మీదే వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది.  మామయ్య ఫోన్ తీసి శంకర్‌పల్లిలో ఉండే నా ఆడబిడ్డకు, అంటే తన కూతురికి, చేశారు. ఆమెకు ఏడేళ్ల కొడుకున్నాడు. వాడూ ఇంటి పిల్లే. ఆదివారం వాణ్ని రాకెట్ ఎక్కించడానికి తీసుకురమ్మన్నారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"పాప ఎక్కుతదంటిరి కదా?" అంది ఆమె.

"మీ వదిన వద్దంటున్నది."

"ఎందుకు వద్దన్నది?"

"ఏం లేదు. ఆమెకు ఫికర్ ఎక్కువ, నీకెర్కే కదా."

"ఫోన్ వదినకియ్యి బాపు."

చూసింది చూసినట్టు చెప్పాను. తాళం ఎంతవరకు దిగిందో వేలు పెట్టి చూపించబోయి, ఆమెకు కనిపించదని గుర్తొచ్చి ఆగాను.  ఫోన్ మళ్లీ తండ్రికి ఇవ్వమంది.

"బాపు, మావోనికి జలుబు జేసింది" అంది.

"ఎప్పుడు జేసింది?"

"గిప్పుడే."

అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది. మామయ్య నవ్వలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి వెళ్లి కారులో కూర్చున్నారు. కారు మాత్రం కదల్లేదు. ఇంట్లో మాడిన దోసె వాసన. పాప వెండి డ్రెస్ వేసుకుని వచ్చి, తాత ఎక్కడికి పోతున్నాడని అడిగింది. స్టవ్ కట్టేస్తూ, ఎక్కడికీ లేదన్నాను. ఇంటికి వచ్చిన కోడలు అందరి ముందు మామ మాటకు అడ్డం చెప్పకూడదంటారే, సరిగ్గా అదే చేశానని అనిపించింది. ఆయన వెళ్లి వేరే ఎవరి పిల్లల్నో ఎక్కిస్తారేమో, పనివాళ్ల పిల్లల్ని ఎక్కిస్తారేమో అన్న భయం కూడా వేసింది. అప్పుడు నేనేం చేయాలి? గేటు దగ్గర నిలబడి అరవాలా?

పదకొండింటికి నా భర్త పార్కు నుంచి ఫోన్ చేశాడు. బాపు పెయింటర్‌ని పిలిచి, వేసిందంతా గీకమన్నాడట. ఇనుము కనపడేదాకా.

ఆ గీకుడు చూడడానికి నేనూ వెళ్లాను. గ్రైండర్ పెట్టి ఒక్కొక్క చోటా గీకుతుంటే కింద రంగుల పొరలు బయటపడ్డాయి. నిన్నటి వెండి కింద నీలం, దాని కింద గులాబీ, దాని కింద ఆకుపచ్చ, అన్నిటికంటే అడుగున పసుపు. మా మామయ్య ఎన్నికల ముందు కండువా మార్చినప్పుడల్లా పడవ కూడా రంగు మార్చిందని నాకు అప్పుడు తెలిసింది. గీకకుండానే ఒకదాని మీద ఒకటి. ప్రతిసారీ గుంటలు పూడ్చి. చుట్టూ పనిచేసేవాళ్లు నవ్వు ఆపుకుంటూ నేల చూపులు చూస్తున్నారు. మామయ్యే దగ్గరికి వెళ్లి వేలితో ఒక్కొక్క పొరా తడిమారు. ఇది సర్పంచ్‌గ గెలిచినప్పటిది, ఇది ఓడిపోయినప్పటిది అని చెప్పారు.

"నా చరిత్ర మొత్తం దీనిమీదనే ఉన్నది" అన్నారు.

అప్పుడు అందరూ నవ్వారు. నేను తాళం పొడిచిన చోట లప్పమంతా రాలిపోయాక ఇనుములో చిన్న కన్నం మిగిలింది. అందులోంచి అవతల గడ్డి కనిపించింది. ఎవరూ నవ్వలేదు తర్వాత.

సిటీ నుంచి పిలిపించిన ఇంజినీర్ సుత్తితో తట్టి, ఏదో మందు పూసి, తుడిచి చూశాడు. రేపే విరుగుతుందని చెప్పను, విరగదని కూడా చెప్పను అన్నాడు. చేతులు నాలుగూ మార్చాలన్నాడు. పెద్ద శబ్దమేదో విన్నట్టు నా చెవులు గింగురుమన్నాయి. నిజానికి అక్కడ ఏ శబ్దమూ లేదు.

ఆదివారం లీడర్ రానే వచ్చాడు. మామయ్య అప్పటికప్పుడు తెప్పించిన గెంతే వలకు, అదే ట్రాంపొలిన్‌కు, రిబ్బన్ కట్టించి దాన్నే కట్ చేయించారు. రాకెట్ ఇంకా తయారవుతున్నదని మైకులో చెప్పారు. వెనకాల పడవ, రంగులు లేచిపోయి, గజ్జి పట్టిన దానిలా నిలబడి ఉంది. మా పాప వెండి డ్రెస్ తీయనంది. లీడర్ దాన్ని ఎత్తుకుని, ఏమ్మా, నువ్వు ఆస్ట్రోనాట్‌వా అని అడిగాడు.

"మా అమ్మ వద్దన్నది" అంది అది.

అంతా నా వైపు చూశారు. ఇంటికి వచ్చాక అది నాతో మాట్లాడలేదు. అన్నం నానమ్మ చేత్తోనే తింది. రాత్రి నిద్రలో మాత్రం ఎప్పటిలా కాలు తెచ్చి నా పొట్ట మీద వేసింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. మామయ్య పడవకు కొత్త ఇనుప చేతులు చేయించారు, సీట్లకు నడుము బెల్టులు పెట్టించారు. అతుకులన్నీ మిషన్ పెట్టి పరీక్ష చేయించారు. నేను అడిగిన ఒక్కదానికి ఒప్పుకున్నారు. ఇనుముకు తుప్పు పట్టకుండా వేసే పల్చటి రెడాక్సైడ్ తప్ప ఇంకేమీ పూయకూడదు. రాకెట్ వేషమంతా విప్పగలిగే గుడ్డతో, ఫ్లెక్సీతో కట్టాలి. పేరు మార్చాలనిపిస్తే గుడ్డ మార్చుకోవచ్చు. ఎన్నికలొచ్చినా ఇబ్బంది లేదన్నాడు నా భర్త. 

కానీ ఈలోగా పార్కులో ఒక మాట పుట్టింది. చిన్న రైలుకు కొత్త చక్రాలు వేస్తే, "కోడలు చూసిందా?" జెయింట్ వీల్ బేరింగ్ మారిస్తే, "కోడలు చూసిందా?" ఎంకపల్లి నుంచి పిల్లల్ని తీసుకొచ్చిన ఒకావిడ నన్ను టికెట్ కౌంటర్ దగ్గర పట్టుకుని, ఇది ఎక్కించొచ్చా మేడం అని అడిగింది. నాకేం తెలుసు? నేను చదివింది ఎలక్ట్రానిక్స్. తాళంతో పొడవడం తప్ప నాకు తెలిసిందేమీ లేదు. ఒక్క పిల్ల గురించి పడే ఫికర్ ఇప్పుడు గేటులోంచి వచ్చే ప్రతి పిల్ల గురించి పడుతున్నాను. బస్సు దిగి పరుగెత్తుకొచ్చే వరస చూస్తే తలలు లెక్కపెట్టడం మొదలుపెడతాను. మామయ్యతో అదే చెప్పాను. ఇంజినీర్ కాగితం ఇస్తాడు కదా, అది గేటు దగ్గర అతికించండి, నన్ను అడగొద్దని చెప్పండి అన్నాను.

"ఆయన కాగితం ఆఫీసుకు, బిడ్డా. జనం సూసేది కాగితం కాదు" అన్నారు ఆయన. "నువ్వు వద్దంటే ఆగింది. ఇగ నువ్వే ఎక్కియ్యాలె."

కాగితం వచ్చింది. సీట్లలో ఇసుక బస్తాలు కట్టి వారమంతా పడవను మనుషులు లేకుండా ఊపారు. నేను రోజూ వెళ్లి నిలబడి చూశాను. బస్తాలు లేచి, దిగి, లేచి. ఒక బస్తా కూడా కదల్లేదు. చేతుల మీద ఎర్రటి పూతలో ఎక్కడా గీత లేదు. ఇంజినీర్‌ని అడిగిందే మళ్లీ అడిగాను. ఆయన ఓపికగా చెప్పిందే మళ్లీ చెప్పాడు. వద్దనడానికి నా దగ్గర ఇక ఏ కారణమూ మిగల్లేదు. భయం ఒక్కటే మిగిలింది. అది కారణం కాదని నాకూ తెలుసు.

రేపు ఆదివారం. గుమ్మడికాయ తెచ్చి పెట్టారు. శంకర్‌పల్లి పిల్లాడికి జలుబు తగ్గిందట. ఇల్లంతా పడుకున్నాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. నేను ఎక్కిస్తానన్నాను. కానీ పక్కన నేను కూడా కూర్చుంటానన్నాను. ఆస్ట్రోనాట్‌లకు అమ్మలు ఉండరంది పాప. నువ్వు అరిస్తే అందరూ నవ్వుతారంది. అరవనని మాటిచ్చాను.

అన్నం తినిపిస్తుంటే ఇంకొకటి అడిగింది. నడుమ వరస వద్దట. చివరి వరస కావాలట, అన్నిటికంటే ఎత్తుకు పోయేది. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు ముద్ద చేతిలోంచి జారిపోయేది. నడుమ కూర్చుంటే అతుకులు మన తల వెనక, పైన ఉంటాయి, మెడ తిప్పినా కనిపించవు. నిన్న బస్తాలు విప్పేటప్పుడు చివరి వరసలో కాసేపు కూర్చుని చూశాను. అక్కడి నుంచి ఆ వైపు ఇనుప చేతులు రెండింటి అతుకులూ ఊగుతున్నంతసేపూ కళ్లకెదురుగా కనిపిస్తాయి.

"సరే, చివరి వరసే" అన్నాను.

అది నమ్మలేనట్టు నా ముఖంలోకి చూసి, నేను మనసు మార్చుకునేలోపే తాతకు చెప్పడానికి పరుగెత్తింది.